మాత్రలో పాలు

“మీ ఆయన మాత్రలు సముద్రంలో పారేసి, ఖాళీ డబ్బాలు తెచ్చి మాకు చూపిస్తున్నాడమ్మా” అంది ఆస్పత్రి కౌన్సిలర్ మేడమ్.

“అయితే ఈపాటికి గుజరాత్ సేపలన్నీ ఆరోగ్యంగా బలిసి ఉంటాయి మేడమ్. ఓపాలి పట్టి సూడండి” అన్నాను నేను.

నా నోటి గురించి మా ఊరు బారువలో ఎవరినడిగినా చెబుతారు. ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని మందస వీధుల్లో, పలాస బజార్లో బేరాలాడీ ఆడీ వచ్చిన నోరు. పదో తరగతి దాకా చదివాను. మాట్లాడితే మా ఊరి యాస వస్తుంది, రాస్తే మాత్రం మా తెలుగు మాస్టారు బెత్తంతో దిద్దించిన తెలుగు వస్తుంది. కాబట్టి ఇది చదివి ఈవిడెవరో పెద్ద చదువులు చదివింది అనుకోకండి. మీ వీధిలో నెత్తళ్ళు అమ్మి, కొసరు అడిగితే కసిరి వెళ్ళిన మనిషిని నేనే కావచ్చు.

నాకూ మా మావకీ హెచ్‌ఐవీ ఉంది. మావ అంటే నా మొగుడే. ఎలా వచ్చిందని అడిగేవాళ్ళుంటారు. అది మా ఇంటి గొడవ. ఎప్పుడో తిట్టుకున్నాం, ఏడ్చుకున్నాం, తీర్చుకున్నాం. ఆ ముచ్చట ఇక్కడ రాయను. మందులిచ్చే ఆస్పత్రి ఎక్కడుందో కూడా రాయను. పలాసలో బస్సు మారి టెక్కలి వైపు వెళతాం, అంతవరకూ తెలిస్తే చాలు.

ఇద్దరికీ ఒకటే మందు, రోజుకో మాత్ర. ఆ ఒక్క మాత్రలోనే రెండుమూడు రకాల మందులు కలిపి ఉంటాయట. అప్పుడప్పుడు రక్తం తీసి, అందులో పురుగు ఎంతుందో చూస్తారు. వాళ్ళు వైరల్ లోడ్ అంటారు, మేం పురుగు లెక్క అంటాం. నా పురుగు లెక్క పడిపోయి, పరీక్షకు కూడా కనిపించనంత అయింది. మావది మొదట బాగానే తగ్గి, తర్వాత పెరగడం మొదలుపెట్టింది. ఒకటే ఇల్లు, ఒకటే మందు, నాకు పనిచేసింది ఆయనకెందుకు పనిచేయలేదన్నది ఎవరికీ అంతుపట్టలేదు.

మా ఊళ్ళో సగంమంది మగాళ్ళలాగే మావ కూడా ఏటేటా గుజరాత్ వెళ్ళేవాడు. వెరావల్‌లో బోటెక్కితే నెలల తరబడి అక్కడే. అందుకని ఆస్పత్రివాళ్ళు చాలా నెలలకి సరిపడా డబ్బాలు ఒకేసారి ఇచ్చేవారు. ఆయన తిరిగొచ్చి ఖాళీ డబ్బాలు బల్ల మీద పెట్టేవాడు. ఒక్క మాత్ర ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంత కచ్చితంగా ఖాళీ అయిన డబ్బాలు చూశాక, పురుగు మాత్రం పెరిగిందని తెలిశాక, మేడమ్‌కి అనుమానం వచ్చింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. తాగి మర్చిపోయినవాళ్ళు, భయపడి మానేసినవాళ్ళు, ఎవరో పసరు పోస్తారంటే నమ్మి మందు పెంటలో వేసినవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గరికొచ్చి ‘రోజూ ఏసుకుంటన్నాను మేడమ్’ అనేవారే. అన్ని అబద్ధాలు విన్న చెవికి నిజం కూడా అలాగే వినపడుతుంది.

నా కోపం ఆవిడ మీద కంటే మావ మీదే ఎక్కువ. అంత మాట అంటే తలొంచుకుని కూర్చున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టున్నాడని మేడమ్ అనుకుని ఉంటుంది, ఆవిడ చూపులో నాకది కనిపించింది. బయటికొచ్చాక పట్టుకుని అడిగాను.

“మావా, తింతన్నావా లేదా? నాకు సెప్పు.”

“తింతన్నాను.”

“గంగమ్మ తల్లి మీద ఒట్టా?”

“ఒట్టే. ఒక్కరోజు కూడా మానలేదు.”

గంగమ్మ మీద ఒట్టేసి అబద్ధమాడే వేటగాడు మా తీరంలో పుట్టలేదు. ఆ తల్లి మీదుగానే రోజూ వెళ్ళి రావాలి కదా! నాకు ఆ మాట చాలు. కానీ ఆస్పత్రిలో చాలదు.

“ఈ ఏడు గుజరాత్ ఎల్లకు, ఇంట్లోనే ఉండి నా కళ్ళముందు మింగు” అన్నాను. సరే అన్నాడు. బారువలోనే తెప్ప మీద వేటకెళ్ళాడు. రోజూ అన్నం తిన్నాక మాత్ర నేనే చేతిలో పెట్టేదాన్ని. నీళ్ళు తాగాక “నోరు తెరు, నాలిక ఎత్తు” అనేదాన్ని. మా అత్త చూసి, “ఏటే, నా కొడుకుని సంతలో ఎద్దుని సూసినట్టు సూత్తన్నావు” అని నవ్వేది. నవ్వనీ అనుకున్నాను. మళ్ళీ పరీక్ష పెట్టేసరికి నా చేతి మాత్ర గెలిచి తీరుతుందని నాకు అంత ధీమా.

గెలవలేదు. లెక్క ఇంకా పెరిగింది. మావ కూడా తగ్గిపోయాడు. వల లాగేటప్పుడు ఆయాసం వచ్చేది, రాత్రిళ్ళు జ్వరం కాసేది.

మేడమ్ ఈసారి గట్టిగా ఏమీ అనలేదు. “చూడమ్మా, మొగుణ్ణి వెనకేసుకు రావడం అందరూ చేస్తారు” అంది మెల్లగా. ఆ మెల్లగా అన్న మాట నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఆవిడ లెక్కలో అంతవరకూ అబద్ధాలాడుతున్నది మా ఆయన, ఇప్పుడు నేను కూడా.

నేను తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళిపోయాను, మావ నా వెనకే వచ్చాడు. నా వంతు రాలేదని ఎవరో అరుస్తున్నా వినలేదు.

“నా సేత్తో ఏసినాను సార్. నోరు తెరిపించి సూసినాను. నా మాట నమ్మకపోతే నా ఒంట్లో పురుగుని అడగండి, మందు ఎలా తినాలో నాకు తెలుసో లేదో అది సెప్తాది!”

డాక్టరు గారు నా కంటే చిన్నవాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “నిన్ను నమ్ముతున్నానమ్మా. కానీ నేను నమ్మినంత మాత్రాన మీ ఆయనకి జబ్బు తగ్గదు. దానికొక పరీక్ష ఉంది” అన్నాడు.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. మందు వేసుకుంటున్నా పురుగు పెరిగితే దానికి కారణాలు రెండు. ఒకటి, మందు అసలు కడుపులోకి వెళ్ళకపోవడం. రెండు, వెళ్ళినా పురుగు దాన్ని లెక్కచేయకపోవడం. మొదటిదైతే అదే మందు బుద్ధిగా తినిపిస్తే చాలు. రెండోదైతే అదే మందు ఎంత తినిపించినా దండగే. పురుగు ఆ మందుకి రాటుదేలిపోయిందన్నమాట. ఈ పరీక్షలో రక్తంలోని పురుగునే పట్టుకుని, అది ఏ మందుకి రాటుదేలింది, ఏ మందుకి ఇంకా లొంగుతుంది అని విడివిడిగా చూస్తారు.

“మరి తిన్నగా మందు మార్చీవచ్చు కదా సార్?” అన్నాను.

“గుడ్డిగా మార్చితే పనిచేసేదాన్ని తీసేసి పనిచేయనిదాన్ని ఉంచొచ్చు. పైగా మీది ఉద్దానం. ప్రతి మందుకీ కిడ్నీల సంగతి కూడా చూసుకోవాలి. మీ ఊరి మనిషి విషయంలో నేను చీకట్లో రాయి వేయలేను.”

ఆ మాట చెప్పక్కర్లేదు. మా వైపు ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళే. తలనొప్పి మాత్ర ఇచ్చినా ‘కిడ్నీకేటీ అవదు కదా’ అని అడిగాకే మింగుతాం.

ఆ పరీక్ష అందరికీ చేయరట. పెద్ద డాక్టర్లు కూర్చుని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక రక్తం తీసి, మంచుపెట్టెలో విశాఖపట్నం మీదుగా ఎక్కడికో పంపాలి. కబురు చేస్తామన్నాడు. వెళ్ళేముందు ఒక మాట గట్టిగా చెప్పాడు. “రక్తం తీసేదాకా ఇప్పుడు తింటున్న మందు ఒక్కరోజు కూడా ఆపొద్దు.”

మావ సరిగ్గా అదే ఆపాడు.

ఇంటికొచ్చాక డబ్బా తీసి చూరులో దోపేశాడు. “పనిసెయ్యని మందని ఆలే అంతన్నారు. దొంగని అంతన్నారు. మరెందుకు మింగాలి? నాను మింగను” అన్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు మా అత్త ఉలిక్కిపడేలా అరిచాడు. అన్నాళ్ళుగా ఎంత దిగమింగుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

ఎందుకు ఆపకూడదో ఆస్పత్రిలో డాక్టరు గారు నాకు చెప్పేసరికే మావ గది బయటికెళ్ళిపోయాడు. మందు ఒంట్లో ఉన్నంతకాలం దానికి లొంగే పురుగులు చస్తాయి, రాటుదేలినవే మిగులుతాయి. అవే పరీక్షలో దొరుకుతాయి. మందు ఆపితే మామూలు పురుగులు మళ్ళీ పుట్టుకొచ్చి కమ్మేస్తాయి, రాటుదేలినవి వాటి చాటున దాక్కుంటాయి. అప్పుడు పరీక్ష చేస్తే ఏమీ లేదని వస్తుంది. ఏమీ లేదని వస్తే మావ మందు తినడం లేదన్నదే రుజువవుతుంది.

చూరులోంచి డబ్బా తీశాను.

“మావా, నువ్వు తిన్నావు అని సెప్పడానికి ఈ లోకంలో నీకు సాచ్చి ఎవరు?”

“నువ్వున్నావు.”

“నా సాచ్చి సెల్లలేదు కదా. ఇంక మిగిలింది నీ ఒంట్లో పురుగు. అదొక్కటే సాచ్చి. మందు మానీసినావంటే ఆ సాచ్చి పారిపోద్ది. రేపు పంచాయితీలో మనమిద్దరం ఏ మొకం పెట్టుకుని నిలబడతాం?”

చేయి చాపాడు. మాత్ర వేసుకుని, నేను అడక్కుండానే నోరు తెరిచి చూపించాడు. నవ్వొచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది.

రక్తం ఇచ్చాం. ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఆ రోజులు ఎలా గడిచాయో గంగమ్మకే తెలుసు, ఆ తల్లికి కోడిపుంజుని మొక్కుకున్నాను కూడా. నెత్తళ్ళు ఇసకలో ఆరబోసి కాకుల్ని తోలుతూ, ఫోన్ మోగితే చేపల చేత్తోనే ఎత్తేదాన్ని. ఆ ఫోను ఇప్పటికీ వాసన కొడుతుంది.

పిలుపొచ్చింది. వెళ్ళాం. డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, మేడమ్‌ని కూడా గదిలోకి పిలిపించాడు. అలా పిలిపించినందుకు ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

“ఇతను మందు తిన్నాడు” అన్నాడు మొదటిమాటగా. “మందు మొహం చూడని పురుగు ఇలా రాటుదేలదు. దెబ్బ తగిలితేనే కదా రాటుదేలేది. ఈ పురుగు మందు దెబ్బ తింది.”

నేను మేడమ్ వైపు చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆవిడ తల దించలేదు, నా కళ్ళలోకి చూసి “పొరపాటు పడ్డానమ్మా” అంది. అంత తిన్నగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. దాచుకున్న తిట్లన్నీ వృథా అయిపోయాయి.

“అయితే” అన్నాడు డాక్టరు గారు, “దెబ్బ తింది కానీ, చచ్చేంత దెబ్బ తినలేదు. మందు చాలలేదు. రోజూ కొద్దికొద్దిగా వెళ్ళినట్టుంది.” మావ వైపు తిరిగాడు. “గుజరాత్‌లో ఉన్నప్పుడు మాత్ర మొత్తం వేసుకున్నావా? సగమా?”

మావ బొటనవేలి గోటితో అరచేతి మీద అడ్డంగా గీత గీశాడు.

“సగమే సార్.”

రోజూ వేసుకున్నాడు. ఒక్కరోజు మానలేదు. ఒట్టూ నిజమే, డబ్బా ఖాళీ అవడమూ నిజమే. మరి రెండో సగం? నా నాలిక చివరిదాకా వచ్చిన ప్రశ్నని డాక్టరు గారు అడగనివ్వలేదు. చేయి ఎత్తి ఆపి, మావతో నెమ్మదిగా చెప్పాడు. “ఆ రెండో సగం ఏమైందో నేను అడగను. పారేస్తే సరే. ఒకవేళ ఎవరైనా తిని ఉంటే, అతని ఒంట్లో పురుగు కూడా ఇలాగే రాటుదేలి ఉండొచ్చు. అతనెక్కడో ఇంకో ఆస్పత్రికి వెళ్ళి, ఎప్పుడూ మందు తినలేదని చెబితే, వాళ్ళు ఇదే మాత్ర ఇస్తారు. అది పనిచేయదు. మనిషి పోతాడు. అతని పేరు నాకొద్దు. వచ్చి రక్తం ఇమ్మను, అంతే.”

తర్వాత మావకి మందు మార్చాడు. పాతవాటిలో ఏది తీసేయాలో, ఏది ఉంచొచ్చో, కొత్తవి ఏవి వేయాలో ఆ పరీక్షని ముందు పెట్టుకుని చెప్పాడు. కిడ్నీలకి ఏం ఫరవాలేదని కూడా చూశాకే రాశాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. జీడితోటలు వెనక్కి పోతున్నాయి. నేను నోరు మూసుకుని ఉన్నానంటే అది మా ఇద్దరికీ కొత్తే. పలాస వచ్చేలోపు నాకు తట్టింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మీ ఇళ్ళల్లో పాలు అంటే గేదె ఇచ్చేవి. మా ఇళ్ళల్లో పాలు అంటే ముందు వాటా. వేట నుంచి తెప్ప ఒడ్డుకి రాగానే పాలు వేస్తారు. తెప్పకొక పాలు, వలకొక పాలు, మనిషికొక పాలు. జబ్బుపడి రాలేకపోయినవాడికి కూడా కూరకి నాలుగు చేపలు తీసి పక్కన పెడతారు. గుజరాత్ బోట్ల మీద జీతాలే తప్ప పాలు లేవు. అయినా మావాళ్ళకి చిన్నప్పటి నుంచీ చేతికి వచ్చిన అలవాటు పోదు. బీడీ అయినా, ఉల్లిపాయ అయినా, తోటివాడు చూస్తుండగా ఒక్కడే నోట్లో వేసుకోలేరు.

“మావా” అన్నాను, “మాత్రకి కూడా పాలేసినావేటి?”

ఆయన కిటికీ వైపే చూస్తూ తలూపాడు.

“ఎవులికి?”

“మాటిచ్చినాను. అడక్కు.”

అడగలేదు. కోపం రాలేదా అంటే, వచ్చింది. ఒకరి మందు ఇద్దరు తింటే ఇద్దరూ చస్తార్రా దేవుడా, చేపల కూరనుకున్నాడా అని ఉడికిపోయాను. కానీ ఆ కోపం పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఇన్నాళ్ళూ దొంగన్నారు, అబద్ధాలకోరన్నారు, పెళ్ళాం చేత నోరు తెరిపించుకున్నాడు. ‘రెండో సగం ఫలానావాడు తిన్నాడు’ అని ఒక్క మాట అంటే అవన్నీ తప్పేవి. అనలేదు. మాట పడ్డవాడు చెడ్డవాడు కాడని మా అత్త అంటూ ఉంటుంది. ఆ రోజు నా పక్కన కూర్చున్న మనిషిని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. తిట్టాలనీ అనిపించింది. రెండూ చేశాను. తిట్టడం పైకి, గర్వపడటం లోపల.

ఇంటికి రాగానే మావ చొక్కా కూడా మార్చకుండా ఒడ్డుకి వెళ్ళాడు. పొద్దు ఇంకా ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళాడో నేను చూడలేదు, చూడాలనుకోలేదు.

మర్నాడు పొద్దున్న నేను చేపలు తిరగేస్తుంటే ఒకతను వచ్చి నా ఎదురుగా ఇసకలో చతికిలబడ్డాడు. మావతోపాటు అదే బోటు మీద గుజరాత్ వెళ్ళే మనిషి. మావని బావా అంటాడు, నన్ను అప్పా అంటాడు. అప్ప అంటే మా వైపు అక్క. దవడలు లోపలికి పోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాడు.

“అప్పా, ఆ సగం నాదే” అన్నాడు.

చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

“వెరావల్‌లో రగతం సూసి సెప్పినారు. ఆస్పత్రికెల్తే మనూరోలెవులైనా సూత్తారని ఎల్లలేదు. బోటు మీద జొరమొచ్చి పడిపోతే బావకి సెప్పీసినాను. ఎవులికీ సెప్పొద్దని గంగమ్మ మీద ఒట్టేయించుకున్నాను. ఆ రోజు నుంచీ వల కోసే కత్తితో మాత్ర తెగ్గోసి సగం నాకిచ్చినాడు. అది తిని నాను బతికినాను అప్పా. బావ ఇంటికాడ ఉండిపోయిన కాడి నుంచి ఆ సగం కూడా లేదు, ఇలాగైపోనాను. దానికోసం బావ పడిపోతాడని నాకు తెల్దు.”

“బావ పడిపోడు. నువ్వు పడిపోకుండా సూసుకో” అన్నాను. “పద ఆస్పత్రికి.”

“ఎవులైనా సూత్తే?”

“సూత్తే సూడనీ. నా గంప మోత్తన్నావు. టెక్కలిలో బేరం కుదిరిందని సెప్తాను.”

అలా ఎండు చేపల గంప ఒకటి ఆస్పత్రికి వచ్చింది. బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు, మా పక్క సీట్లు ఖాళీ అయ్యాయి. రహస్యం కాపాడాలంటే ఎండు చేపల్ని మించిన కాపలా లేదు. ఎవరూ దగ్గరికి రారు.

మేడమ్ గదిలో అతను ముందు తలుపు వెయ్యమన్నాడు. గంప కింద పెట్టి, రెండు చేతులూ కట్టుకుని నిలబడి, ఒక్కసారిగా అన్నాడు.

“మేడమ్, మా బావ ఒక్క మాత్ర కూడా సముద్రంలో పారేయలేదు. నాకు పాలేసినాడు. ఆయన మాట పడ్డాడు, నాను బతికినాను.”

మేడమ్‌కి పాలు అంటే ఏమిటో తెలియలేదు. ఆవిడది పట్నం. నేను చెప్పాను. తెప్ప పాలు, వల పాలు, మనిషి పాలు. వింటూ వింటూ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మావ గురించి తప్పుగా అనుకున్న మనిషి మావ గురించి ఏడవడం చూశాను నేను. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

అతని రక్తం కూడా ఆ పరీక్షకి పంపమని డాక్టరు గారు పట్టుబట్టాడు. మందు ఆగి నెలలైనా అదృష్టం కొద్దీ ఆ రాటుదేలిన పురుగులు ఇంకా పూర్తిగా దాక్కోలేదు, అనుకున్నట్టే అతని పురుగు కూడా అదే మాత్రకి రాటుదేలి ఉందని తేలింది. చెప్పకుండా ఎక్కడికైనా వెళ్ళి మొదటి మందుగా అదే తెచ్చుకుని ఉంటే, రోజూ బుద్ధిగా తింటూనే కరిగిపోయేవాడు. తెలిసింది కాబట్టి మొదటిరోజు నుంచే పనిచేసే మందు ఇచ్చారు.

ఇప్పుడు ఇద్దరి పురుగు లెక్కా కనపడనంతకి పడిపోయింది. మావ మళ్ళీ వల లాగుతున్నాడు, ఆయాసం లేదు. ఇద్దరూ గుజరాత్ మానేసి బారువలోనే ఒకే తెప్ప మీద వెళుతున్నారు. మూలపేటలో పోర్టు పని ఉందని ఎవరో పిలిచినా వెళ్ళలేదు. గంగమ్మకి మొక్కుకున్న పుంజు మొక్కు తీర్చాక కూర రెండిళ్ళకీ పాలు వేశాం. మాత్రల డబ్బాలు మాత్రం ఎవరిది వారిదే. మా అత్త వాటి మీద బొగ్గుతో గుర్తులు పెట్టింది.

మొన్న మందులకి వెళ్ళినప్పుడు మేడమ్ బయటికొచ్చి మావ పక్కన నిలబడింది. “మీతో ఒక పనుంది. ఒకతను వచ్చాడు, వేటకెళ్ళే మనిషే. డబ్బా సరిగ్గా ఖాళీ అవుతోంది, పురుగు మాత్రం పెరుగుతోంది. నేను ఎన్ని విధాలుగా అడిగినా నోరు విప్పడం లేదు. తనలా వేటకెళ్ళేవాళ్ళతో అయితే మాట్లాడతానన్నాడు. మీకు ఇష్టమైతేనే.”

ఎన్నో ఏళ్ళుగా ఆ వరండాలో తల దించుకుని నడిచిన మనిషి. ఎవరైనా చూస్తారని మొహానికి తువ్వాలు చుట్టుకునే మనిషి. నేను ఆయన మొహం చూశాను. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

గేటు బయట టీ బడ్డీ ఉంది. ఇద్దరూ అక్కడ బెంచీ మీద కూర్చున్నారు, నేను కాస్త ఎడంగా నా గంప దగ్గర నిలబడ్డాను. అతను టీ గ్లాసు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. మావ ఏ ఊరని అడగలేదు, పేరు అడగలేదు. ఒకటే అడిగాడు.

“మాత్రకి పాలేసినావేటి తమ్ముడా?”

గ్లాసులో టీ తొణికింది. అతను మావ వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఇన్నాళ్ళకి తన భాష తెలిసిన మనిషి దొరికినట్టు చూశాడు. అవునన్నట్టు తలూపాడు.

మావ అతని మోకాలి మీద చేయి వేశాడు. “నానూ ఏసినాను” అన్నాడు, టీ బడ్డీవాడికి కూడా వినపడేంత గట్టిగా. “ఇప్పుడు నానూ బాగున్నాను, ఆడూ బాగున్నాడు. దానికి ఓ పరీచ్చ ఉంది. నీ పాలు ఎవులు తిన్నారో ఆలని కూడా తీసుకురా.”